వరసల సెక్షన్

కంచరవలస పురపాలక సంఘంలో వరసల సెక్షన్ అని ఒకటి ఉందంటే పక్క జిల్లావాళ్ళు నమ్మరు. ఉంది. జనన మరణాల గదికీ వీధికుక్కల గదికీ మధ్యన ఉంది. దానికి సీనియర్ అసిస్టెంటుని నేనే. పేరు పొట్నూరు అప్పలసూరి. సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇంతవరకూ ఒక్క మెమో ఎరగను. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు చెబుతున్నానంటే, మెమో ఎరగని మనిషి ఏం చేయగలడో, ఏం చేయలేడో చివరికి మీకే తెలుస్తుంది.

ఇదంతా ఒక్క అక్షరంతో మొదలైంది. ఆ అక్షరం 'రా'.

మా మునిసిపల్ పార్కులో ఒక ఎనిమిదేళ్ళ పిల్లాడు కుళాయి పట్టుకుని వేలాడుతూ ఊగుతున్నాడు. కుళాయి అప్పటికే ఒక పక్కకి ఒరిగింది. ఎదుటి బెంచీ మీద కూర్చున్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు గవరయ్యగారు ముప్ఫయ్యేళ్ళ అలవాటుకొద్దీ "ఎవరబ్బాయివిరా నువ్వు?" అన్నారు. చెయ్యెత్తలేదు, బెంచీ మీంచి లేవనైనా లేవలేదు. మా వైపు అది ప్రశ్న కాదు, దిగమని చెప్పడం. పిల్లాడు దిగాడు. కుళాయి బతికింది.

సోమవారం ఫిర్యాదుల రోజున పిల్లాడి తండ్రి కాగితం పట్టుకొచ్చాడు. అందులో ఒక్కటే వాక్యం. "నా కొడుకుని రా అనడానికి ఆయనెవరు?"

మా కమిషనరు ఉదయభాస్కరంగారు అంతకు ముందు వారమే మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, ఒక సంచీ, ఒక నీళ్ళసీసా, బాలల గౌరవం మీద గొప్ప ఉత్సాహం పుచ్చుకుని తిరిగొచ్చారు. ఆ కాగితం రెండుసార్లు చదివి, ప్రశ్న మౌలికమైనదన్నారు. అన్ని సెక్షన్లవాళ్ళనీ పిలిపించి, గవరయ్య ఎవరో తేల్చమన్నారు. డ్రిల్లు మాస్టారని శానిటరీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. అది వృత్తి అన్నారు కమిషనరుగారు. మంచివాడని ఇంకెవరో అన్నారు. అది అభిప్రాయమన్నారు. "సదరు పిల్లవానికి సదరు గవరయ్య ఏమవుతాడు?" అని అడిగారు.

భోజనాల వేళ దాటిపోతోంది. ఆకలిమీదున్న నేను "ఏమీ కాడు సార్" అనేశాను.

కమిషనరుగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చెట్టు కింద కూర్చుంటే జ్ఞానం వచ్చినవాళ్ళు అలా చూస్తారనుకుంటాను. నా నోట జారిన మాట సాయంత్రానికల్లా చట్టపరమైన పదమైంది. ఉత్తర్వు ముసాయిదా కూడా నన్నే రాయమన్నారు. రాశాను. "ఏమీ కాని వ్యక్తి ఎవరైనను, పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఉత్త పేరుపెట్టి గాని, రా, వే ప్రత్యయములతో గాని, వరసపెట్టి గాని పిలుచుట, మందలించుట, చేయి పట్టుకొనుట, ముక్కు తుడుచుట, మరియు సదరు పిల్ల ఎవరి పిల్లయో విచారించుట నిషేధింపబడినవి." ముక్కు తుడుచుట నా సొంత చేర్పు. దానికి కమిషనరుగారు నన్ను భుజం తట్టి మెచ్చుకున్నారు.

భయానికి కారణమే లేదని నేననను. పేపర్లో వచ్చే వార్తలు చదివితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఆ తర్వాత నా సెక్షనుకి వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క దుర్మార్గుడు కూడా వరుసలో నిలబడి ఫారం పుచ్చుకోలేదు. వచ్చినవాళ్ళందరూ ముక్కులు తుడిచేవాళ్ళే.

ఉత్తర్వు నెల తిరక్కుండా ఊరంతా పట్టింది. సెలూన్ ఈశ్వరరావు పిల్లల్ని తల వంచమనలేక అద్దం కింద 'తల వంచవలెను' అని బోర్డు పెట్టాడు. చదవడం రాని పిల్లలు సగం క్రాపుతో ఇళ్ళకి వెళ్ళారు. బస్సు మెట్ల మీద వేలాడే పిల్లల్ని కండక్టరు ఏమీ అనలేక, ఆకాశంకేసి చూస్తూ, "ఎవరో పడిపోతారేమోనని నాకెందుకో అనిపిస్తోంది" అనేవాడు. పార్కులో పెద్దమనుషులు బెంచీలు వెనక్కి తిప్పుకుని గోడకేసి కూర్చున్నారు. కుళాయి మూడోరోజునే విరిగింది.

బడుల్లో వారానికొక చైతన్య తరగతి పెట్టించాం. "దారిలో కనిపించే పెద్దవాళ్ళు మనకేమవుతారు?" అని పంతులమ్మ అడగాలి. "ఏమీ కారు" అని పిల్లలందరూ ఒక్క గొంతుతో చెప్పాలి. తనిఖీకి వెళ్ళినప్పుడు విన్నాను. ఎక్కాలకంటే స్పష్టంగా చెప్పారు.

అయితే ఏమీ కానివాళ్ళు ఏదో ఒకటి కావడానికి దారి ఉండాలి కదా. అందుకే వరసల సెక్షన్. మనవాళ్ళకి రైల్లో ఎదుటి సీటువాడితో వరస కలపడం పుట్టుకతో వచ్చిన విద్య. మీ ఇంటిపేరేమిటి, మీ తోడల్లుడిది ఏ ఊరు అని మొదలుపెట్టి, రెండు స్టేషన్లు దాటేసరికి బావగారూ అనేస్తారు. ఆ విద్యకి మేము ఫారం వేశాం. దరఖాస్తుదారు పేరు, పిల్ల పేరు, వరస ఏమిటి, తండ్రి వైపా తల్లి వైపా, ఉద్దేశించిన చర్య ఏది, తల్లిదండ్రుల సంతకం. అన్నీ సరిపోతే వరస ధ్రువీకరణ పత్రం ఇస్తాం. అది మెడలో వేసుకుని పిల్లని పలకరించుకోవచ్చు.

మొదటి వారం మగవాళ్ళంతా మామయ్య అని రాశారు. ఆ మాట నోటికి తేలిగ్గా వస్తుంది మరి. ఆడపిల్లల తండ్రులు గుంపుగా వచ్చి పడ్డారు. మామయ్యంటే పిల్లనిచ్చే వరసేనని, పళ్ళూడిన పోస్టుమాస్టరుకి తమ ఆరేళ్ళ పిల్లతో అలాంటి వరస కాగితం మీద ఎలా కలుపుతారనీ అడిగారు. న్యాయమే. కమిషనరుగారు వెంటనే "వివాహయోగ్యమైన వరసలన్నియు తదుపరి ఉత్తర్వుల వరకు స్తంభింపజేయడమైనది" అని రాసి సంతకం పెట్టారు. మామయ్యలందర్నీ రాత్రికి రాత్రి బాబాయిలుగా మార్చాను.

బాబాయిలు తొమ్మిది రోజులున్నారు. పదోరోజున కోర్టు ఎదుట టీ బడ్డీలో ఒక వకీలు, బాబాయంటే తండ్రికి తమ్ముడనీ, సర్కారు ముద్రతో తమ్ముడైనవాడు రేపు ఇంట్లో వాటా అడిగితే కాదనడం కష్టమనీ అన్నాడు. టీ తాగుతూ సరదాకి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. మధ్యాహ్నానికి మూడొందల నలభైమంది తండ్రులు వచ్చి సంతకాలు వెనక్కి తీసుకున్నారు. ఊళ్ళో మళ్ళీ ఎవరూ ఎవరికీ ఏమీ కాకుండా పోయారు.

నూకాలమ్మ నా కౌంటరు దగ్గరికి వచ్చింది అప్పుడే.

ఆమెది బడి జంక్షన్లో గోలీసోడా బండి. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. బడికీ పేటకీ మధ్యన పెద్ద రోడ్డు. ఇటుక లారీలు, ఇసుక లారీలు కళ్ళు మూసుకుని పోతుంటాయి. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్న తొమ్మిదికీ, సాయంత్రం నాలుగుకీ ఆమె బండి వదిలేసి రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యి చాపుతుంది. లారీ ఆగుతుంది. మొదటి పిల్ల ఆమె చెంగు పట్టుకుంటుంది, ఆ పిల్ల గౌను పట్టుకుని రెండోది, అలా రైలులా దాటుతారు. రెండువందల పద్నాలుగుమంది. ఎవరూ ఆమెని ఆ పనికి పెట్టలేదు. పెట్టి ఉంటే ఈపాటికి ఆ పోస్టు ఖాళీగా ఉండేది.

బడివాళ్ళు ఉత్తర్వు చూపించి, కాగితం తెచ్చుకోమన్నారట. ఫారం ముందేసుకుని, ఆ పిల్లలు నీకేమవుతారని అడిగాను.

"గుంటలు," అంది. మా వైపు పిల్లల్ని అలాగే అంటారు.

"అది వరస కాదమ్మా."

"మరేటి రాసుకుంతావో రాసుకో బాబూ. నన్ను అమ్మమ్మా అంతారు."

"అనడం వేరు, అవడం వేరు. తల్లిదండ్రుల సంతకాలు కావాలి. పిల్లకొక ఫారం."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవులి గుంటడివిరా నువ్వు?" అని అడిగింది.

యాభై ఏడేళ్ళవాణ్ణి. గదిలో ఇద్దరు జూనియర్లున్నారు. ఇక్కడ ప్రశ్నలు మేమడుగుతామని చెప్పాను. ఆమె రెండువందల పద్నాలుగు ఫారాలూ చెంగులో మూటకట్టుకుని వెళ్ళింది.

పదిహేను రోజులు ఇల్లిల్లూ తిరిగింది. అందరూ కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు, నువ్వు లేకపోతే మా పిల్లలేమైపోయేవారని అన్నారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. మోక్షిత అని రెండో తరగతి పిల్ల ఉంది. ఆ పిల్ల తల్లి బ్యాంకులో పని చేస్తుంది, దాపరికం లేని మనిషి. నువ్వు మా పిల్లకి అమ్మమ్మవైతే నాకు అమ్మవవుతావు, రేపు నువ్వు మంచాన పడితే చూసుకోవలసింది మేమేనని వకీలుగారంటున్నారని ఉన్నమాట చెప్పేసింది. ఈ సంగతి నూకాలమ్మే వచ్చి నాకు చెప్పింది. "నానేటి పడను, పడినా మీ గుమ్మంలోకి రానన్నాను బాబూ. అయినా పెట్టనేదు," అని ఫారాలన్నీ ఖాళీగా నా బల్ల మీద పెట్టింది. ఒక్కటీ నలగలేదు. నేను వాటిని మళ్ళీ వాడుకోవడానికి బీరువాలో పెట్టాను.

రోడ్డు దాటే సమస్య కమిషనరుగారు సాంకేతికంగా పరిష్కరించారు. ఆరడుగుల కర్ర, చివర చెక్కతో చేసిన చెయ్యి. ప్రత్యామ్నాయ హస్తం అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు కర్ర పట్టుకుంటే, పిల్లలు చెక్క చెయ్యి పట్టుకుని దాటాలి. స్పర్శ ఉండదు. చాలా బాగుంది. కాని కర్ర పట్టుకునే మనిషి పిల్లకి ఏమవుతాడనే ప్రశ్న దగ్గర ఫైలు ఆగింది. పన్నెండు హస్తాలు స్టోర్ రూములో పైకప్పుకేసి చేతులు చాపి నిలబడ్డాయి. దణ్ణం పెట్టబుద్ధయ్యేలా ఉండేవి.

ఒక శుక్రవారం సాయంత్రం ఉత్తర్వు అమలు తీరు చూద్దామని జంక్షనుకి వెళ్ళాను. నూకాలమ్మ బండి దగ్గరే కూర్చుని ఉంది. పిల్లలు రోడ్డు అంచున గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కనే పెద్దవాళ్ళు, పిల్లలకి తగలకుండా చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత విచారణ నివేదికలో లెక్కపెట్టి రాశాను. నాతో కలిపి పదకొండుమందిమి.

మోక్షిత అన్నం డబ్బా మూత చేజారి, రోడ్డు మీదకి దొర్లుకుంటూ పోయింది. పిల్ల దాని వెనకాలే వెళ్ళింది. వంతెన దిగి ఇటుక లారీ వస్తోంది.

పదకొండుమందిమీ చూశాం. ఒకాయన తాను ముట్టుకోలేదనడానికి సాక్ష్యంగా ఫోను తీసి వీడియో పట్టాడు. మాలో ఉన్న బస్సు కండక్టరు, అలవాటైపోయిందేమో, ఆకాశంకేసి చూశాడు. నేను పిలుద్దామనే నోరు తెరిచాను. ఉత్తర్వు ప్రకారం ఉత్త పేరు పెట్టి పిలవకూడదు. "బాల పౌరులు మోక్షిత గారూ, దయచేసి" దాకా వచ్చాను. లారీ నా వాక్యంకంటే వేగంగా వచ్చింది.

నూకాలమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. పిల్ల జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజి, ఇవతల పడేసి, వీపు మీద ఒక్కటి చరిచింది. "సచ్చిపోతావే గుంటా, కళ్ళు నేవేటే నీకు?" అంది. అన్నం డబ్బా మూత మీంచి లారీ వెళ్ళిపోయింది. మూత అప్పచ్చిలా అయింది.

పిల్ల ఏడ్చింది. నూకాలమ్మ దాని ముక్కు తుడిచింది. నేను రాసుకున్నాను. జబ్బ పట్టుకొనుట ఒకటి, చరుచుట ఒకటి, 'వే' ప్రత్యయము రెండు సార్లు, ముక్కు తుడుచుట ఒకటి. రాస్తుంటే సిగ్గేసింది. కాదంటే అబద్ధం. అయినా రాశాను.

సోమవారం విచారణ. నూకాలమ్మ నిలబడింది. తల్లి పక్కన మోక్షిత కూర్చుంది. కమిషనరుగారు గొంతు సవరించుకున్నారు. "బాల పౌరులు మోక్షిత గారూ, ఎదుట నిలుచున్న వ్యక్తి తమకు ఏమవుతారు?"

పిల్ల నూకాలమ్మని చూసింది. తల్లిని చూసింది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. పిల్ల అప్పుడు చేతులు కట్టుకుని నిలబడి, తరగతిలో చెప్పినట్టే చెప్పింది.

"ఏమీ కారండి."

కమిషనరుగారికి శభాష్ అందామని ఉంది. అనకూడదు కనుక ఆ ఆనందాన్ని నోట్ ఫైల్లో రాయించారు. చైతన్య తరగతుల వల్ల ఇంత చిన్న వయసులోనే ఇంత స్పష్టత వచ్చిందని దాని సారాంశం.

నూకాలమ్మ మాత్రం తలూపింది. "బాగా సెప్పింది. సదువొచ్చీసింది గుంటకి," అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తీర్పు ఏమిటంటే, సదరు నూకాలమ్మ ఇకపై ఏ పిల్లకూ పన్నెండడుగుల లోపు రాకూడదు, సోడా బండి ముఖము గోడవైపు తిప్పి ఉంచవలెను. నేనే టైపు చేశాను. ఆమె వేలిముద్ర కూడా నేనే వేయించాను. అప్పటినుంచి ఆమె గోడకేసి తిరిగి సోడాలు కొడుతోంది. తాగేవాళ్ళు వెనకనుంచి చెయ్యి చాపి పుచ్చుకుంటున్నారు. పిల్లల్ని దాటించడానికి తల్లిదండ్రులు ఎవరికి వారే బళ్ళేసుకుని వస్తున్నారు. నాలుగింటికి ఆ జంక్షన్లో ఇప్పుడు లారీలకంటే వాళ్ళ బళ్ళే ప్రమాదం.

ఆ బళ్ళలోనే ఒకటి నాకు తగిలింది.

తగిలించినవాడు ఆగలేదు. తప్పు పట్టను, అతను కూతురి కోసం తొందరలో ఉన్నాడు. నేను స్కూటరుతో సహా రోడ్డు వారన పడ్డాను. మోకాలు చిప్ప దగ్గర ఏదో కదిలినట్టయింది, లేవలేకపోయాను. సంచీలోని ఫారాలన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి. అప్పుడే బడి వదిలారు. పిల్లలొచ్చి నా చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. పిల్లలు ఉండడంవల్ల పెద్దవాళ్ళు దగ్గరికి రాలేదు. ఎటు పోయి ఎటు వస్తుందోనని దూరంనుంచే జాలిపడ్డారు.

మోక్షిత ముందుకొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. "మీరు మాకేమవుతారండి?" అని అడిగింది.

ఎగతాళికి అడగలేదు. ఆ పిల్ల ముఖంలో నిజంగా సాయం చేయాలనే ఉంది. నేను ఏదో ఒకటి అవుతానని చెబితే చాలు, చెయ్యందించేది. ఆలోచించాను. నా చేతుల మీదుగా ఈ ఊళ్ళో ఎన్నో వరసలు పుట్టాయి, పోయాయి. ఒక్కటీ నాకోసం మిగుల్చుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు మెమో లేని సర్వీసు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏమీ కాను."

"సరేనండి," అంది. పిల్లలందరూ నా ఫారాలు తొక్కకుండా, ఎంతో జాగ్రత్తగా, నన్ను చుట్టి పక్కకి నడిచారు.

గోడవైపు తిరిగి ఉన్న బండి దగ్గర్నించి నూకాలమ్మ లేచింది. ఆమెని చూసి పిల్లలు గబగబా వెనక్కి జరిగారు. ఒకడు అడుగులు కూడా లెక్కపెట్టాడు. పన్నెండు. నా ఉత్తర్వుని అంత శ్రద్ధగా పాటించినవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆమె నా చంకల కింద చేతులేసి ఎత్తి, గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఒక సోడా కొట్టి, సగం నా మోకాలి మీద పోసి, మిగతా సగం తాగమంది. ఫారాలన్నీ ఏరి సంచీలో కుక్కింది. తర్వాత నా ఎదుట గొంతుక్కూర్చుంది.

"ఆరోజు సెప్పనేదు. ఎవులి గుంటడివిరా నువ్వు?"

ఈసారి చెప్పాను. పొట్నూరు సింహాద్రి కొడుకునని, మా నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవాడని చెప్పాను. నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్ళు పోయి ముప్ఫయ్యేళ్ళయింది.

"సింహాద్రి కొడుకువా," అంది. "మా గేదెకి ఈత కష్టమైతే, కోసెడు దూరం నడిసొచ్చి దూడని బయటికి నాగినాడు. ఎవులి గేదో అని ఒక్క మాట అడగనేదు ఆ మారాజు." సంచీలోని ఫారాలకేసి చూసింది. "బతికుంటే నీ ఈపు సీరీసీవోడు."

పన్నెండడుగుల అవతల పిల్లలు నవ్వారు. ఆమె నన్ను 'రా' అంది, పట్టుకుని లేపింది, మందలించింది, చెంగుతో నా ముక్కు కూడా తుడిచింది. వీటిలో ఒక్కటీ ఏ క్లాజు కిందకీ రాదు. పద్నాలుగేండ్ల లోపు అని రాసింది నేనే కనుక నాకు తెలుసు.